రోజుకు రవ్వంత తగ్గిన సంగటి ముద్ద

ముప్పై రెండేళ్ళు సర్కారు ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పని చేశాను. అంటే మీ రక్తం, మీ మూత్రం, మీ కఫం చూసి మీ సంగతి మీకంటే ముందు తెలుసుకునే ఉద్యోగం. ఇన్నేళ్ళలో ఫలానా మనిషి ప్రాణం కాపాడానని చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒక మనిషి ప్రాణం తీసినంత పని మాత్రం చేశాను. అదీ ఉపవాసం పేరుతో.

ఈ మధ్య మా వీధి కుర్రాళ్ళు ఫోనులో గంట పెట్టుకుని పదహారు గంటలు తినకుండా ఉంటున్నారు. మంచిదే, సంతోషించాను. అయితే వాళ్ళలో ఒకడు, షుగరు మాత్ర వేసుకునేవాడు, రెండు రోజులు ఏకంగా నీళ్ళ మీదే గడిపానని గొప్పగా చెప్పాడు. అక్కడే కూర్చోబెట్టి ఈ కథ మొదలుపెట్టాను. వాడు సగం విని ఫోను చూసుకున్నాడు. అందుకని మీకు పూర్తిగా రాస్తున్నాను.

డెబ్బైల చివర ధర్మవరానికి దగ్గర్లో ఒక ఊరికి బదిలీ అయింది. ఊరంతా మగ్గాలే. నాకు అప్పుడు ఇరవై ఏడేళ్ళు. ఉరవకొండ వైపు వేరుశెనగ చేలల్లో, మా మాటలో చెనిక్కాయ చేలల్లో పెరిగినవాణ్ణి, పట్టు దారం అంత దగ్గరగా చూడటం అదే మొదలు. ఆసుపత్రిలో ఒక డాక్టరు, ఒక నర్సమ్మ, నేను, మందులిచ్చే కాంపౌండరు. డాక్టరుగారిది గుంటూరు వైపు, మాట నిదానం. నర్సమ్మది కడప వైపు. ఆమె నోటికి జడిసి రోగులు సగం జబ్బు గేటు దగ్గరే వదిలేసి లోపలికి వచ్చేవారు. నా ల్యాబు అంటే మందుల గది మూలన ఒక బల్ల, ఒక మైక్రోస్కోపు, ఒక స్పిరిట్ దీపం.

అప్పట్లో మా చోట షుగరు చూడాలంటే రక్తం తీసేవాళ్ళం కాదు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, దాంట్లో ఎనిమిది చుక్కలు మూత్రం వేసి దీపం మీద కాచేవాళ్ళం. షుగరు లేకపోతే నీలం నీలంగానే ఉండేది. ఉంటే పచ్చబడేది, ఇంకా ఉంటే పసుపు, నారింజ. బాగా ముదిరితే ఇటుక రంగు. నాకు ఆ పని అంటే గర్వంగా ఉండేది. డాక్టరు కూడా నా గొట్టం రంగు తేలేదాకా కలం కదపడు కదా అని లోలోపల మురిసిపోయేవాణ్ణి.

ఒకరోజు యాభైకి దగ్గర్లో ఉన్న ఒక నేతగాడు కుంటుకుంటూ వచ్చాడు. భారీ మనిషి, నవ్వు మొహం. కుడి పాదం కింద రూపాయి బిళ్ళంత పుండు, రెండు నెలలుగా మానలేదట. గుంత మగ్గంలో కాళ్ళు గుంతలోకి దించి కుడికాలితోనే చెక్క తొక్కాలి, ఆ తొక్కుడుకి పడిన పుండు అది. డాక్టరు మూత్రం చూడమన్నారు. నేను కాస్తుంటే నేతగాడు నా భుజం మీదుగా తొంగి చూశాడు. ఇటుక రంగు తేలింది.

"ఏమప్పా, ఇది మంచి రంగే. పోయిన మాసం ఇట్లాంటి పడుగే ఏసినా," అన్నాడు.

"అన్నా, ఇది చీరకు బాగుంటాది. నీకు బాగుండదు," అన్నాను.

డాక్టరుగారు షుగరు మాత్రలు రాశారు. పుండు మానేదాకా కాలు మోపడం తగ్గించమన్నారు, తిండి తగ్గించమన్నారు. రెండు నెలల్లో పుండు మానకపోతే అనంతపురం పెద్దాసుపత్రికి పంపాల్సి వస్తుందని, అక్కడ వేళ్ళతో ఆపుతారో చీలమండ దాకా తీస్తారో తాను చెప్పలేనని అన్నారు. నేతగాడి నవ్వు ఆగిపోయింది. "కాలు లేకుంటే గుంతలోకి ఏం దించేది సామీ?" అన్నాడు. ఆయనకు తెలిసిన పని అదొక్కటే. ఒక్క మగ్గం, దారం కండెలు చుట్టే పెళ్ళాం, ముసలి తల్లి. పదేళ్ళప్పుడు ఆ గుంతలోకి దిగాడు, మళ్ళీ వేరే పని ఎరగడు.

మూడు వారాలు గడిచాయి. వారానికి రెండుసార్లు వచ్చేవాడు. రంగు ఇటుక నుంచి నారింజకు వచ్చి అక్కడే కూర్చుంది. ఏం తింటున్నావంటే, "నేను తినేదేముండాదప్పా, రెండు పూటలు రొంత సంగటి. శనివారం ఒక్కపొద్దు," అనేవాడు. ఇరవై ఏళ్ళుగా శనివారాలు ఒక్కపూట భోజనంతో గడిపే మనిషికి షుగరు ఎందుకు దిగదో నాకు అంతు చిక్కలేదు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. నా ఉత్సాహమూ అట్లాగే ఉండేది. ఆ వారం డాక్టరుగారు కుటుంబ నియంత్రణ క్యాంపుకు వెళ్ళారు, నాలుగు రోజులదాకా రారు. నేతగాడు పాదం చూపించాడు. పుండు అంచు నల్లబడుతోంది. నాకు భయం వేసింది. దానితోపాటు, నేనే నయం చేసి చూపిస్తే ఎంత బాగుంటుందో అన్న ఆశ కూడా కలిగింది. నిజం చెప్పాలంటే రెండోదే ఎక్కువ.

"అన్నా, నీకు కాలు కావల్నా, సంగటి కావల్నా?"

"కాలే కావాల."

"అట్లయితే మూడు దినాలు ఏమీ తినొద్దు. నీళ్ళు, పల్చటి మజ్జిగ, అంతే. లంఖణం పరమౌషధమని పెద్దోళ్ళు ఊరికే అన్లేదు."

"మూడు దినాలేమి లెక్కప్పా. మరి మాత్రలు?"

"మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా ఆపొద్దు," అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఎవరూ నాతో అనిపించలేదు. తిండి తినేవాడికి లెక్క కట్టి ఇచ్చిన మాత్ర, తిండి మానేసినవాడి ఒంట్లో ఏం చేస్తుందో నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు.

మూడో రోజు పొద్దున వచ్చాడు. గొట్టం కాచాను. నీలం! చుక్క పచ్చదనం లేని నీలం. ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆయనకు చూపిస్తే, "భలే రంగప్పా," అన్నాడు గానీ గొంతులో పస లేదు. గొట్టం పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. నుదుటి మీద చెమట. చూశాను, ఆనందమేలే అనుకున్నాను. మూత్రంలో షుగరు లేదని మాత్రమే ఆ నీలం చెబుతుంది. రక్తంలో ఎంత అడుక్కు పోయిందో అది చెప్పదు. నా కళ్ళు గొట్టం మీదే ఉన్నాయి, మనిషి మీద లేవు.

మధ్యాహ్నం ఆయన భార్య చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది. "సార్, మా ఇంటాయన మగ్గం గుంతలో పడిపోయినాడు. ఏందేందో మాట్లాడ్తాండాడు. నన్ను గుర్తు పట్లేదు," అని ఏడ్చింది.

నర్సమ్మ అడిగింది: "ఏం తిన్న్యాడు?"

"మూడు దినాలుగా ఏమీ లేదమ్మా. ఈ సార్ చెప్పినాడు."

"మాత్ర?"

"పొద్దున్నే ఏసుకున్న్యాడు."

నర్సమ్మ నా వైపు ఒక్కసారి చూసింది. గ్లూకోజు మందు, సిరంజీ తీసుకుని ఆ ఎండలో దాదాపు పరుగున బయల్దేరింది. నేను వెనకే.

చుట్టుపక్కలవాళ్ళు ఆయన్ను గుంతలోంచి పైకి తీసి గచ్చు మీద పడుకోబెట్టారు. ఒళ్ళంతా చెమటలో తడిసి ఉంది, కళ్ళు తెరిచి ఉన్నాయి గానీ ఎవరినీ చూడటం లేదు. పడినప్పుడు పుండు చెక్కకు తగిలి చీలింది, గచ్చు మీద నెత్తురు. ముసలి తల్లి ఆయన తల ఒళ్ళో పెట్టుకుని నోట్లో నీళ్ళు పొయ్యబోతుంటే నర్సమ్మ అరిచి ఆపింది, తెలివి లేనివాడికి పొలమారుతుందని. నరం వెతికి సూది వేసింది. నిమిషం, రెండు నిమిషాలు. నా జీవితంలో అంత పొడుగు నిమిషాలు మళ్ళీ చూడలేదు. ఆయన కనురెప్పలు కొట్టుకున్నాయి. "ఏమైందిమా?" అన్నాడు తల్లితో. అప్పుడు నర్సమ్మ బెల్లం నీళ్ళు తాగించి, తర్వాత అన్నం పెట్టించింది. నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను.

ఆ ముసలమ్మకు డెబ్బై దాటాయి, ఎండిన కందికట్టెలా ఉండేది. నన్ను తేరిపార చూసింది. "నువ్వేనా నాయనా, నా కొడుకును పస్తు పండబెట్టినోడు?" అంది.

డాక్టరుగారు తిరిగొచ్చారు. నేనే వెళ్ళి అంతా చెప్పాను. నర్సమ్మ చెప్పేలోపే నేను చెప్పడం మేలనిపించింది, అందులో ధైర్యం ఏమీ లేదు. ఆయన కేకలు వేస్తారని చూశాను. వెయ్యలేదు.

"ఏమయ్యా, నువ్వు రంగు చూసి చెప్పేవాడివి. ఎప్పుడు వైద్యుడివయ్యావు?" అన్నారు. మందుల చీటీ దిద్దుతూ, "ఇవాళ్టి నుంచి ఆ మాత్ర సగమే. వారానికోసారి చూసి మారుస్తాను. కాలు నేల మీద పెట్టకూడదు, మగ్గం బంద్. నీకు శిక్ష ఏమిటంటే, ల్యాబు పని లేనప్పుడల్లా వాళ్ళింట్లో కూర్చో. పొద్దున లేచింది మొదలు ఆయన నోట్లోకి ఏం పోతోందో రాసుకురా. సలహా మాత్రం ఒక్కటి కూడా చెప్పొద్దు," అన్నారు.

అట్లా నా ఉద్యోగంలో అన్నిటికంటే విలువైన నెలలు మెమో బదులు దొరికాయి.

మొదటి రోజే బుర్ర తిరిగింది. నేతగాడు చెప్పింది అబద్ధం కాదు, రెండు పూటలే భోంచేసేవాడు. మగ్గం గట్టు మీద మాత్రం ఎప్పుడూ ఒక ఇత్తడి గిన్నె ఉండేది. దాంట్లో వేయించిన చెనిక్కాయలు, బొరుగులు, బెల్లం ముక్కలు. మగ్గం ఆడే రోజుల్లో అడ్డపోగు తెచ్చే నాడె ఒకవైపు వెళ్ళి వచ్చేలోగా చెయ్యి గిన్నెలోకి పోయి నోట్లోకి వచ్చేదట. ఇప్పుడు మగ్గం లేదు, చేతికి పని లేదు, కాబట్టి గిన్నె ఇంకా త్వరగా ఖాళీ అవుతోంది. మగ్గం ఆడేటప్పుడు కండె మారిస్తే ఒక టీ అట, ఇప్పుడు ఊసుపోక ఒక టీ. పక్కింటాయన వస్తే ఇంకో టీ.

"అన్నా, ఇది తిండి కాదా?" అని ఆపుకోలేక అడిగాను.

"ఇది తిండి యాడప్పా? చెయ్యి ఊరికే ఉండలేక నోట్లో ఏసుకునేది. తిండంటే పళ్ళెం ముందర కూర్చుండేది గదా!" అన్నాడు నిజంగానే ఆశ్చర్యపోయి.

మగ్గం గుంతను కూడా అప్పుడే సరిగ్గా చూశాను. నేసిన బట్ట చుట్టుకునే కర్ర పొట్టకు అడ్డం తగులుతోందని, కూర్చునే గట్టును అంతకుముందు పదేళ్ళలో రెండుసార్లు వెనక్కి చెక్కించుకున్నాడు. పొట్ట తగ్గించుకోవచ్చన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మా అనంతపురం కరువు గడ్డ మీద పొట్ట రావడం రోగమని ఎవరనుకుంటారు? ఆ ఇంటికి మంచి రోజులొచ్చాయని నలుగురికీ చూపించే గుర్తు అది.

శనివారం వచ్చింది. పగలంతా ఒక అరటి పండు, పాలు. పొద్దు గూకి దీపం పెట్టాక విస్తరి వేశారు. పొంగలి, ఉద్దివడలు, చిత్రాన్నం, రెండు ఓళిగలు, అంటే బొబ్బట్లు, వాటి మీద నెయ్యి. నేను రాస్తూ పోయాను, కాగితం అటువైపు తిప్పాల్సి వచ్చింది. ఏడు రోజుల్లో ఆయన అన్నిటికంటే ఎక్కువ తినేది ఒక్కపొద్దు నాడే. పైగా ఉపవాసం ఉన్నాను కదా అన్న తృప్తితో తినేవాడు. ఆ కాగితం చదివి డాక్టరుగారు కళ్ళజోడు తీసి చాలాసేపు నవ్వారు. తర్వాత, సంగటి సగానికి తగ్గించమని, గిన్నె తీసెయ్యమని, టీలో చక్కెర మానమని తానే వెళ్ళి వాళ్ళకు చెప్పారు.

వారం దాటినా రంగు నారింజే. పళ్ళెంలో ముద్ద చూస్తే సగమే ఉంది. నేను బుర్ర గోక్కుని ఆలోచించి, ఒకరోజు ముసలమ్మ సంగటి కలిపేటప్పుడు వంటింటి గడప దగ్గర కూర్చున్నాను. ఆమె కుండలోంచి ఎప్పటంత సంగటీ తీసింది. తడి చేత్తో ఒత్తింది, మళ్ళీ ఒత్తింది, బండరాయిలా బిగించి చిన్న ముద్ద చేసింది. పళ్ళెంలో ఆ ముద్ద కింద, పప్పు మాటున దాచిన ఇంకో పిడికెడు.

"అవ్వా!" అన్నాను.

ఆమె ఉలిక్కిపడలేదు. "చూసినావా? చూస్తే చూసినావులే. పోయి చెప్పుకో మీ డాక్టరుకు."

నాకు కోపం వచ్చింది. సలహా చెప్పొద్దన్న మాట కూడా మరిచాను. "నీ కొడుకు కాలు నువ్వే కోస్తాండావు, తెలుసునా? కోసేటప్పుడు కత్తి డాక్టరు చేతిలో ఉంటాది గానీ కోసేది నువ్వు!" అన్నాను. అనకూడని మాట. నోరు జారాక నాలుక కరుచుకుంటే ఏం లాభం?

ముసలమ్మ చెయ్యి కడుక్కుని నా ఎదురుగా కూర్చుంది. గొంతు పెంచలేదు.

"నాయనా, నీది యా ఊరు?"

"ఉరవకొండ దగ్గర."

"అట్లయితే నీకు చెప్పల్సిన పని లేదు. మీ అవ్వనడుగు. వీడు ఆరేండ్లోడు, కరువొచ్చింది. గంజి పోసే కాడికి రెండామడలు నడిచినాము. గింజ ఉండేది తక్కువ, దినాలు శానా. ఒక్కతూరి ముద్ద సగం చేస్తే పిల్లోడు పళ్ళెం చూసి గుక్కపట్టి ఏడుస్తాడు. అందుకని దినమూ రొంత తీస్తాంటి. రాగి గింజంత అనుకో. ఈ పొద్దుకు రేపటికి తేడా తెలీదు. మాసానికి ముద్ద సగమయ్యింది. వాడు ఒక్క పొద్దు కూడా ఏడ్వలేదు. కడుపు గూడా పిల్లోని మాదిరే నాయనా, ఎట్ల మప్పితే అట్ల వింటాది. నువ్వేమో మూడు దినాలు ఒకేతూరి కట్టేస్తివి. మీ డాక్టరేమో ఒకేతూరి సగం చెయ్యమనె. సగం పళ్ళెం చూసి వాడు నా మొకం చూస్తాడు. ఆ చూపు నేను మళ్ళ చూడలేను."

నేను అడిగాను: "అవ్వా, అప్పుడు చేసినట్ల ఇప్పుడు చెయ్యగలవా? దినమూ రొంత?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లేచి పోయింది. ఆమెకు ఆ పని ఎంత కష్టమో అప్పుడు నాకు పూర్తిగా తెలియదు.

డాక్టరుగారికి చెప్పాను. ఆయన బల్ల మీద వేళ్ళతో తట్టి, "మనం చదివిన చదువులో ఇది లేదయ్యా. ఆవిడ చెప్పినట్టే కానివ్వు," అన్నారు.

మర్నాడు నేను వెళ్ళేసరికి ముసలమ్మ ముద్ద చేస్తోంది. ఈసారి ఒత్తి బిగించలేదు. వదులుగా, గుండ్రంగా చేసి, దాంట్లోంచి రెండు వేళ్ళతో గిల్లి కొంచెం తీసి కుండలో వేసింది. నా వైపు చూడలేదు. ఆ రోజు నుంచి గిల్లుడు కాస్త కాస్త పెరిగింది. తగ్గిన చోట ఆకుకూర పప్పు, గోరుచిక్కుడు, పల్చటి మజ్జిగ వచ్చి చేరాయి. గిన్నెను ముసలమ్మ కోడలు ఒకేసారి మాయం చెయ్యలేదు, మగ్గం గట్టు మీద నుంచి అలమరలోకి మార్చింది. తినాలంటే కర్ర పట్టుకుని లేవాలి, ఒంటికాలి మీద నడిచే మనిషికి అది బద్ధకం. పది రోజుల తర్వాత గిన్నెలోంచి బెల్లం పోయింది. ఇంకో వారానికి సాయంత్రం మాత్రమే గుప్పెడు చెనిక్కాయలు. టీలో చక్కెర చెంచా నుంచి అర చెంచాకు, అర నుంచి చిటికెడుకు వచ్చింది. రాత్రి భోజనం రోజుకు కొంచెం ముందుకు జరిగి, నెల తిరిగేసరికి పొద్దు గూకేలోపే అయిపోతోంది. మళ్ళీ పొద్దున ఎండెక్కేదాకా ఏమీ లేదు. మీరు ఫోను చూసి చేసేది ఆ ఇంట్లో సూర్యుణ్ణి చూసి చేశారు.

అన్నీ సాఫీగా నడిచాయని రాస్తే అబద్ధమవుతుంది. ఒక పెళ్ళికి సోమందేపల్లె పోయి వచ్చి ఆయన రెండు రోజులు మొహం చాటేశాడు. మూడో రోజు గొట్టం చూస్తే మళ్ళీ ఇటుక. "ఒకే ఒక్క లడ్డప్పా," అన్నాడు. ఆ ఒక్క లడ్డుకు చెల్లెళ్ళు, తమ్ముళ్ళు ఎందరున్నారో నేను అడగలేదు. తిట్టనూ లేదు. ముసలమ్మ మాత్రం, "తిన్న్యావు, అయిపాయ. ఆ పొద్దు ముద్ద యాడ ఆపినామో ఆడ్నుంచే మళ్ళ మొదలుపెడ్దాం," అంది. జారిపడినవాణ్ణి లేపడానికి ఇంతకంటే మంచి మాట నాకు ఏ డాక్టరు నోటా వినబడలేదు.

డాక్టరుగారు మాత్రను వారం వారం తూచినట్టు తగ్గిస్తూ వచ్చారు. రెండో నెల చివర ఆయనే అన్నారు, ఇప్పుడు నిజమైన ఒక్కపొద్దు ఉండొచ్చని. ఆ రోజు మాత్ర వెయ్యకూడదు, చెమటలు పట్టినా చెయ్యి వణికినా వెంటనే బెల్లం నోట్లో వేసుకోవాలి, నేను పక్కనే ఉండాలి. శనివారం పగలు మజ్జిగ, సాయంత్రం ఒక ముద్ద, ఆకుకూర. ఓళిగలు లేవు. ఆ రోజంతా నేను ఆయన చేతి వేళ్ళే చూస్తూ కూర్చున్నాను. గొట్టం వైపు తర్వాత చూడొచ్చు అనుకున్నాను. ఏమీ కాలేదు. సాయంత్రం ముద్ద తిని, "ఇరవై ఏండ్లకు ఈ పొద్దు ఒక్కపొద్దున్న్యా," అన్నాడు సిగ్గుపడుతూ.

పుండు సంగతి చెప్పలేదు కదూ. రోజూ నర్సమ్మ కట్టు కట్టేది, తిడుతూ కట్టేది. నల్ల అంచు ముందు బూడిద రంగైంది, తర్వాత రాలింది, కింద ఎర్రటి కొత్త కండ. డాక్టరు పెట్టిన గడువు రోజున పుండు సగం మానింది. పెద్దాసుపత్రికి రాసిన చీటీ బల్ల మీద ఉంది. ఆయన దాన్ని చూశారు, పాదం చూశారు. "ఇంకో నెల చూద్దాం," అని చీటీ సొరుగులో పెట్టారు. ఆ నెల మేమందరం ఊపిరి బిగబట్టుకునే గడిపాం. నెల తిరిగేసరికి పాదం కింద బిళ్ళంత చోట లేత చర్మం పరుచుకుంది. నర్సమ్మ బొటనవేలితో నొక్కి చూసి, "ఇంక నా కాడికి రావద్దు పో!" అని కసిరింది. కసిరి వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంది. నేను మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా అక్కడే ఏడ్చాను.

మెత్తటి చెప్పు కుట్టించుకుని, రోజుకు ఒక గంటతో మొదలుపెట్టి మగ్గం ఎక్కమన్నారు డాక్టరు. పది పన్నెండు రోజుల తర్వాత ఒక సాయంత్రం, శిక్ష ఎప్పుడో అయిపోయినా అలవాటు కొద్దీ అటు వెళ్ళాను. ముసలమ్మ వాకిట్లో కొర్రలు చెరుగుతోంది. కోడలు కండెలు చుడుతోంది. లోపల మగ్గం ఆడుతోంది, రెండు నెలలకు పైగా ఆగిపోయిన చీర మీదే.

"కూర్చో నాయనా," అంది ముసలమ్మ. నేను మెట్టు మీద కూర్చున్నాను. చేట ఆపి, నా వైపు చూడకుండా చెప్పింది. "నీతో ఒకటి దాచినా. ఆ కరువులో వీని ముద్దలో తీసింది గింజలు మిగిలించేదానికే కాదు. వీనికొక చెల్లెలుండె. రెండేండ్లది. దానికి పెడ్తాంటి. అయినా అది నిలవలేదు. వీని నోటికాడిది తీస్తి, దాన్నీ బతికించుకోలేకపోతిని. అప్పట్నుంచి వీని పళ్ళెం నిండుగా లేకుంటే నాకు బువ్వ దిగేది కాదు. మళ్ళ ఆ గిల్లుడు మొదలుపెట్టినప్పుడు, మొదటి నాలుగు దినాలు పొయ్యి కాడ కూర్చోని ఏడ్సినా. వాడు చూడకుండా."

మగ్గం ఆగిపోయింది. కోడలు రాట్నం మీద చెయ్యి ఆపింది. లోపల ఆయన విన్నాడని మా ముగ్గురికీ అర్థమైంది.

"ఈ తూరి తీసినందుకు వాని కాలు నిలబడె," అంది ముసలమ్మ. "ఇంక ఏడ్వన్లే."

కాసేపటికి లోపల్నుంచి ఆయన గొంతు వినిపించింది. ఆయన అప్పుడన్న మాట మూడు నెలల కిందటిదాకా ఆయనకు ఎప్పుడూ అవసరం పడలేదు. చెయ్యి గిన్నెలోకి పోయే మనిషికి ఆకలి ఎట్లా ఉంటుందో తెలిసే వీలే లేదు.

"మా, ఆకలైతాండాది."

ముసలమ్మ చేట కింద పెట్టింది. లేస్తుందనుకున్నాను. ఆమె పడమటి వైపు తిరిగి పొద్దు ఎంతుందో చూసుకుంది. మళ్ళీ చేట చేతిలోకి తీసుకుంది.

"కానీలేరా నాయనా," అంది నవ్వుతూ. "ఇంకా గంట పొద్దుండాది. రొంత ఓర్చుకో."

లోపల మగ్గం మళ్ళీ ఆడటం మొదలుపెట్టింది.